గిత్‌యాంకీ దళం దగ్గర పదే పదే ఓటమి: లోపం బిల్డ్‌లోనా, పోరాడే తీరులోనా?

పర్లాకిమిడి_పాచిక
బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో మొదటి యాక్ట్ (అంకం) చివరికి వచ్చాను. ట్యాక్టీషియన్ అనే కష్టమైన మోడ్‌లో ఆడుతున్నాను. పార్టీలో నేను, నా సహచరులు షాడోహార్ట్ (క్లెరిక్), గేల్ (విజార్డ్), ఆస్టారియన్ (రోగ్) ఉన్నాం. అందరం ఐదో లెవెల్‌లో ఉన్నాం. పర్వత మార్గానికి వెళ్ళే దారిలో, ఎర్ర డ్రాగన్ వచ్చి వెళ్ళే వంతెన దగ్గర నిలబడి ఉండే గిత్‌యాంకీ (ఆటలోని ఒక యోధుల జాతి) దళాన్ని ఎంత ప్రయత్నించినా గెలవలేకపోతున్నాను. నా పాత్ర బిల్డ్, అంటే లెవెళ్ళను క్లాసులకు (యుద్ధవృత్తులకు) పంచిన తీరు, ఫైటర్ 1, పాలడిన్ 2, వార్లాక్ 2. పన్నెండో లెవెల్‌కు ఇది ఫైటర్ 2, పాలడిన్ 5, వార్లాక్ 5 అవుతుంది. ఆటలోని అత్యంత బలమైన బిల్డ్‌లలో ఇది ఒకటని అందరూ చెబుతారు. అంత పేరున్న బిల్డ్ చేతిలో ఉన్నా మూడో రౌండు దాటలేకపోతున్నానంటే, ఈ పోరాటాన్ని ఆట తయారుచేసినవాళ్ళు సరిగా తూచలేదనే అనుకోవాలి. మీలో ఎవరికైనా ఇలాగే జరిగిందా?

గుణుపురం_గద
తూకం సరిగానే ఉంది, మీ లెవెళ్ళ పంపకమే సరిగా లేదు. ఐదో లెవెల్‌లో ఫైటర్, పాలడిన్, బార్బేరియన్, రేంజర్, మాంక్ క్లాసులకు ఎక్స్‌ట్రా అటాక్, అంటే వంతుకు రెండో దెబ్బ వస్తుంది. విజార్డ్, క్లెరిక్ క్లాసులకు మూడో స్థాయి స్పెల్స్ (మంత్రాలు) వస్తాయి. ఇవి మొత్తం లెవెల్‌ను బట్టి కాక, ఆ ఒక్క క్లాసులో ఉన్న లెవెల్‌ను బట్టి వస్తాయి. ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) కూడా క్లాసులో నాలుగో లెవెల్‌కు గాని రాదు. మీకు ఎక్స్‌ట్రా అటాక్ లేదు, ఫీట్ లేదు, అదనపు యాక్షన్ ఇచ్చే యాక్షన్ సర్జ్ కావాలంటే ఫైటర్‌లో రెండో లెవెల్ కావాలి, అదీ లేదు. పేరుకు ఐదో లెవెల్ అయినా మీరు మూడు చోట్ల పునాదులు తవ్వి ఒక్క గోడా లేపలేదు.

రాయగడ_రౌతు
బిల్డ్ మీద ఇంత మమకారం మంచిది కాదని ఈ వేదికలో ఇదివరకే చాలాసార్లు రాశాను. ఆ దళాన్ని నాలుగో లెవెల్‌లో, ఏ ఫీట్ గొప్పతనమూ లేని మామూలు పార్టీతో గెలిచినవాళ్ళు ఉన్నారు. ఒక్కో వంతులో మనకు ఒక యాక్షన్, ఒక బోనస్ యాక్షన్, కొంత నడక ఉంటాయి. వంతుల మధ్య ఒక రియాక్షన్ ఉంటుంది. పోరాటమంటే మన వైపు యాక్షన్లు నిలబెట్టుకుంటూ అవతలి వైపు యాక్షన్లు తగ్గించడమే. ఒక్క హెచ్‌పీ (ప్రాణబలం పాయింటు) మిగిలిన శత్రువు కూడా నిండు హెచ్‌పీ ఉన్నవాడంత గట్టిగానే కొడతాడు. కాబట్టి నలుగురిని తలా కొంచెం గాయపరచడం కంటే ఒకణ్ణి పూర్తిగా పడగొట్టడమే ఎప్పుడూ లాభం. పాచిక గారూ, మీ మొదటి రౌండులో ఎవరు ఎవరిని కొట్టారో వరసగా రాయగలరా? బిల్డ్ సంగతి ఆ తరువాత చూద్దాం.

పర్లాకిమిడి_పాచిక
నిన్న రాత్రి ఆడిన పోరాటం గుర్తున్నంత వరకు రాస్తున్నాను. సంభాషణ ముగియగానే వాళ్ళలో ఇద్దరికి మాకంటే ముందు వంతు వచ్చింది. ఒకడు దూకి నేరుగా గేల్ పక్కన దిగి కత్తితో కొట్టాడు, రెండోవాడూ అతణ్ణే కొట్టాడు, గేల్ పడిపోయాడు. ఆస్టారియన్ దగ్గరలో ఉన్నవాడి మీద బాణం వేశాడు, తగిలింది. నేను వాళ్ళ నాయకురాలి మీద హెక్స్ అనే శాపపు స్పెల్ వేసి, ముందుకు నడిచి ఆమెనే కొట్టాను, తగల్లేదు. షాడోహార్ట్ ఫైర్ బోల్ట్ వేసింది, అదీ తగల్లేదు. తరువాతి వంతులో ఆమె వెళ్ళి గేల్‌ను లేపింది. లేచిన గేల్‌ను అతని వంతు రాకముందే మళ్ళీ పడగొట్టారు. ఆ పైన రాయడానికి ఏమీ లేదు.

జయపురం_జాణ
షాడోహార్ట్ ఫైర్ బోల్ట్ వేసింది, తగల్లేదు. ఈ వాక్యాన్ని ఈ వేదిక ముఖద్వారం మీద చెక్కించాలి.

వంశధార_తీరం
జాణ గారు నవ్వులాటకు అన్నా, అందులో నిజమైన కారణం ఒకటుంది. ఫైర్ బోల్ట్ ఆమెకు క్లెరిక్‌గా వచ్చినది కాదు, హై హాఫ్ ఎల్ఫ్ జాతి వల్ల వచ్చినది. అందుకని అది ఇంటెలిజెన్స్ మీద లెక్కకు వస్తుంది. ఆమె ఇంటెలిజెన్స్ 10, అంటే దాని నుంచి పాచికకు కలిసేది సున్నా. ఆమె బలమంతా విజ్‌డమ్‌లో ఉంది. అదే వంతులో గైడింగ్ బోల్ట్ వేసి ఉంటే విజ్‌డమ్ లెక్కకు వచ్చేది. తగిలితే 4డి6 (ఆరు ముఖాల పాచికలు నాలుగు) నష్టం కాక, ఆ శత్రువు మీద తరువాత పడే దెబ్బకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) కూడా దొరికేది.

ఇక మీరు రాసిన రౌండులో మీ నలుగురి యాక్షన్లు ఎలా ఖర్చయ్యాయో చూడండి. గేల్‌కు వంతే రాలేదు. ఆస్టారియన్ ఒకణ్ణి, మీరు ఇంకొకరిని కొట్టారు. షాడోహార్ట్ మొదటి యాక్షన్ గాలిలో పోయింది, రెండోది గేల్‌ను లేపడానికి పోయింది, లేచిన గేల్ ఆ యాక్షన్ విలువను తిరిగి ఇవ్వకుండానే పడ్డాడు. పడినవాణ్ణి లేపాలంటే హీలింగ్ వర్డ్ వాడండి. అది దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో పనిచేస్తుంది కాబట్టి అసలు యాక్షన్ చేతిలోనే ఉంటుంది. అదీ పడినవాడి వంతు రావడానికి కాస్త ముందు వేస్తేనే ఉపయోగం.

గుణుపురం_గద
వంశధార గారి మాటతో ఏకీభవిస్తూనే నా మాట మీద నిలబడతాను. ఈ పెద్దమనిషి వంతుకు ఒక్క దెబ్బ కొడుతున్నాడు, అదీ తగల్లేదు. రెండు దెబ్బలుంటే కథ వేరు. శత్రువు ఏసీ (దెబ్బ తగలాలంటే మనం చేరవలసిన అంకె) 17 అనుకోండి. స్ట్రెంత్ 16 కు 3, ఐదో లెవెల్ ప్రొఫిషియెన్సీకి (శిక్షణ బోనస్‌కు) 3, మొత్తం 6 కలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక మీద 11 గాని అంతకు మించి గాని పడాలి. సరిగ్గా సగానికి సగం అవకాశం. ఒక్క దెబ్బతో 50 శాతం, రెండు దెబ్బలుంటే కనీసం ఒకటి తగిలే అవకాశం 75 శాతం. అన్నిటికంటే విచారకరమైన విషయం, హెక్స్ ఒక దెబ్బకు 1డి6 కలుపుతుంది. వంతుకు ఒకే దెబ్బ, అదీ సగం సార్లే తగిలేవాడికి దానివల్ల సగటున వంతుకు రెండు హెచ్‌పీ నష్టం కూడా రాదు. అందుకోసం బోనస్ యాక్షన్, స్లాట్ (స్పెల్ వేసే అవకాశం), కాన్సెంట్రేషన్ (ఒక్క స్పెల్‌నే నిలుపుకోగల ఏకాగ్రత) మూడూ పోయాయి.

పర్లాకిమిడి_పాచిక
మీరందరూ ఒక విషయం మరిచిపోతున్నారు. నా దగ్గర పాలడిన్ స్లాట్లు రెండు, వార్లాక్ స్లాట్లు రెండు ఉన్నాయి. నాలుగిటినీ డివైన్ స్మైట్‌కు, అంటే తగిలిన దెబ్బకు అదనపు నష్టం చేర్చడానికి వాడుకోవచ్చు, వార్లాక్ స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే (చిన్న విశ్రాంతికే) తిరిగి వస్తాయి. పైగా ఫైటర్‌తో మొదలుపెట్టడం ఆలోచించి చేసిన పని. సేవింగ్ త్రో (స్పెల్ లాంటివాటిని తట్టుకోవడానికి వేసే పాచిక) ప్రొఫిషియెన్సీ మొదటి క్లాసును బట్టే వస్తుంది, ఫైటర్‌కు కాన్‌స్టిట్యూషన్ వస్తుంది, పాలడిన్‌కు రాదు. ముందు వరసలో నిలబడేవాడికి కాన్సెంట్రేషన్ నిలవాలంటే అది అవసరమే కదా.

బరంపురం_బార్డు
ఈ ఒక్క విషయంలో పాచిక గారి పక్షం వహిస్తాను. దెబ్బ తగిలినప్పుడు వచ్చే కాన్సెంట్రేషన్ పరీక్షలో 10 గాని, తగిలిన నష్టంలో సగం గాని, రెండింటిలో ఏది పెద్దదైతే అది దాటాలి. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్నవాడు 10 దాటే అవకాశం 65 శాతం, ప్రొఫిషియెన్సీ కూడా ఉంటే 80 శాతం. ఒక రౌండులో మూడు దెబ్బలు తగిలాయనుకోండి: మొదటివాడి స్పెల్ నిలిచే అవకాశం 27 శాతం, రెండోవాడిది 51 శాతం. ఇది చిన్న తేడా కాదు. ఫైటర్‌తో మొదలుపెట్టడంలో దోషం లేదు. ఆ తరువాత వరసగా పాలడిన్ ఐదు పూర్తిచేయకుండా మధ్యలో వార్లాక్ వైపు తిరగడమే ఈ అవస్థకు కారణం.

పన్నెండో లెవెల్ బిల్డ్ చూపించే వీడియోలతో నాకున్న పేచీ కూడా ఇదే. గమ్యం చూపిస్తారు, దారి చూపించరు. ఆటలో ఎక్కువ భాగం మనం ఆడేది మూడు నుంచి తొమ్మిదో లెవెల్ మధ్యలో. నేను అదే బిల్డ్ ఆడినప్పుడు ముందు పాలడిన్ ఐదు, తరువాత వార్లాక్ ఐదు, చివరికి ఫైటర్ రెండు తీసుకున్నాను. ఆ పాత్రతో ఎక్కడా కుంటుపడినట్టు అనిపించలేదు.

గుణుపురం_గద
కాన్సెంట్రేషన్ నిలబెట్టుకోవడానికి ఇంత ఏర్పాటు చేసుకుని, తీరా దానితో మోసేది హెక్స్‌నా? బంగారు పళ్ళెంలో గంజి వడ్డించినట్టుంది. అదే పాలడిన్ జాబితాలో బ్లెస్ ఉంది కదా.

మహేంద్రతనయ
బ్లెస్ గురించి ఇంతసేపటికి గాని ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. ఒకటో స్థాయి స్లాట్‌తో ముగ్గురికి, ప్రతి దెబ్బకూ, ప్రతి సేవింగ్ త్రోకూ 1డి4 కలుస్తుంది. సగటున 2.5, అంటే పాచిక లెక్కలో 12.5 శాతం. సగం సార్లు తగిలేవాడు దాదాపు ఎనిమిదింట ఐదుసార్లు కొట్టగలుగుతాడు. కాన్సెంట్రేషన్ పరీక్షకూ అది కలుస్తుంది కాబట్టి తనను తానే కాపాడుకుంటుంది. ఐదో లెవెల్ దాకా షాడోహార్ట్ మొదటి యాక్షన్ బ్లెస్ కాకుండా ఇంకేదైనా అయితే దానికి ఒక కారణం చెప్పగలిగి ఉండాలని నా నియమం.

రాయగడ_రౌతు
ఐదో లెవెల్ వచ్చాక స్పిరిట్ గార్డియన్స్ కూడా ఉంది కదా. షాడోహార్ట్ చుట్టూ తిరిగే ఆ వలయంలోకి వచ్చిన శత్రువుకు 3డి8 నష్టం, వేగం సగం. బ్లెస్, ఇది రెండూ కాన్సెంట్రేషన్ స్పెల్సే కాబట్టి రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. మనమీదికి దూకి వచ్చే శత్రువులున్న ఈ పోరాటంలో నేను గార్డియన్స్‌కే ఓటు వేస్తాను, బ్లెస్‌ను పాలడిన్ చేతిలో పెడతాను.

మహేంద్రతనయ
ఇద్దరికీ పంచే ఆ ఆలోచన బాగుంది. ఒప్పుకుంటున్నాను.

సిరోంచ_విలుకాడు
మీరందరూ అంకెల్లో మునిగిపోయారు గాని, నిలబడే చోటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఈ ఆటలో పైనుంచి కిందికి దూరపు దెబ్బ వేస్తే 2 కలుస్తుంది, కిందినుంచి పైకి వేస్తే 2 తగ్గుతుంది. అంటే చోటు మారితే 20 శాతం తేడా. ఆ దళంతో మాట్లాడటానికి నలుగురూ గుంపుగా వెళ్ళి ఒకే చోట నిలబడితే సంభాషణ ముగిసేసరికి గేల్ వాళ్ళ కత్తికి అందుబాటులో ఉంటాడు. ముందే పార్టీని విడదీయండి. ఒక్కరే మాట్లాడటానికి వెళ్ళాలి. గేల్‌ను, ఆస్టారియన్‌ను వెనక ఎత్తైన చోట దాచి ఉంచాలి. మాటలు సాగుతున్నప్పుడు కూడా మిగతావారిని ఎంచుకుని కదపవచ్చు. చాటు నుంచి మొదటి దెబ్బ పడితే ఆస్టారియన్‌కు స్నీక్ అటాక్ (చాటుదెబ్బకు వచ్చే అదనపు నష్టం) కూడా కలిసివస్తుంది.

జయపురం_జాణ
కోరాపుట్ ఘాట్ రోడ్డు మీద పెరిగిన మాకు ఎత్తు విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ గిత్‌యాంకీలు పైకి కూడా దూకుతారు విలుకాడు గారూ.

సిరోంచ_విలుకాడు
దూకుతారు. అయితే దూకినవాడికి కొంత నడక ఖర్చవుతుంది, మిగతావాళ్ళకు దూరమవుతాడు, అంచున దిగుతాడు. అంచున దిగినవాణ్ణి బోనస్ యాక్షన్‌తో తోసేయవచ్చు. లోయలోకి తోస్తే వాడి దగ్గరున్న సామాను పోతుందని బాధపడేవాళ్ళు చిన్న గట్టు మీదినుంచి తోయండి. కింద పడి కాస్త దెబ్బ తింటాడు, మళ్ళీ ఎక్కి రావడానికి వంతు ఖర్చుపెడతాడు.

వంశధార_తీరం
మొదటి వంతు ఎవరిదన్న విషయం కూడా చెప్పుకోవాలి. బల్ల మీద ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ఇనిషియేటివ్‌కు (వంతుల వరసకు) ఇరవై ముఖాల పాచిక వేస్తారు, ఈ ఆటలో మాత్రం నాలుగు ముఖాల పాచికే. డెక్స్‌టెరిటీ 10 ఉన్నవాడికి 1 నుంచి 4 వరకు, 16 ఉన్నవాడికి 4 నుంచి 7 వరకు వస్తుంది. అదృష్టానికి చోటు చాలా తక్కువ. భారీ కవచం వేసుకునే పాలడిన్‌లు డెక్స్‌టెరిటీని వదిలేస్తారు కాబట్టి ప్రతి పోరాటంలో చివర మిగిలిపోతారు. అలర్ట్ ఫీట్ 5 కలుపుతుంది, శత్రువు చాటుగా దాడిచేసినా మొదటి వంతు పోనివ్వదు. గేల్‌కు నాలుగో లెవెల్ ఫీట్‌గా ఏమిచ్చారు?

పర్లాకిమిడి_పాచిక
ఇంటెలిజెన్స్‌కు రెండు పాయింట్లు ఇచ్చాను. తప్పేముంది, అందరూ అదే చెబుతారు.

వంశధార_తీరం
తప్పని అనను. వంతు రాకముందే పడిపోయేవాడి ఇంటెలిజెన్స్ ఎంతైతే ఏమిటని మాత్రం అడుగుతాను. అలర్ట్ ఇవ్వడం ఇష్టం లేకపోతే కనీసం అతని చేతికి డాలు ఇవ్వండి. ఈ ఆటలో మనుషుల జాతికి డాలు, తేలికపాటి కవచం వాడే నేర్పు పుట్టుకతో వస్తుంది. గేల్ మనిషే. డాలుతో ఏసీ 2 పెరుగుతుంది. మేజ్ ఆర్మర్ (కవచం లాంటి స్పెల్) ఎలాగూ వేసే ఉంటారు. షీల్డ్ స్పెల్ నేర్పితే రియాక్షన్‌తో మరో 5 పెరుగుతుంది.

పర్లాకిమిడి_పాచిక
గేల్ డాలు పట్టగలడన్న సంగతి నాకు తెలియదు. ఇది పనికొస్తుంది.

రాయగడ_రౌతు
గద గారు లెక్క మొదలుపెట్టారు కాబట్టి దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళతాను, ఎందుకంటే పాలడిన్ నాలుగులో తీసుకునే ఫీట్ గురించి వచ్చే ప్రశ్న ఎలాగూ ఇదే. గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ తీసుకుంటే, కావాలనుకున్నప్పుడు గురిలో 5 తగ్గించుకుని నష్టంలో 10 పెంచుకోవచ్చు. చాలామంది దీన్ని ఒకసారి ఆన్ చేసి మరిచిపోతారు. రెండు చేతుల కత్తికి 2డి6, స్ట్రెంత్ 16 లేదా 17 కు 3, సగటున తగిలిన దెబ్బకు 10. శత్రువు ఏసీ 15 అయితే మామూలుగా 60 శాతం తగులుతుంది, సగటు 6. ఫీట్ వాడితే 35 శాతమే తగులుతుంది గాని దెబ్బ విలువ 20, సగటు 7. ఏసీ 17 అయితే 50 శాతానికి 5, 25 శాతానికి కూడా 5. ఏసీ 18 అయితే 4.5, వాడితే 4. క్రిటికల్ దెబ్బలను ఇందులో కలపలేదు. అంటే ఏసీ 17 దగ్గర తక్కెడ సమంగా ఉంటుంది, అంతకు పైన ఆఫ్ చేయాలి. శత్రువును పరిశీలించి చూస్తే ఏసీ కనిపిస్తుంది, గురి పెట్టినప్పుడు శాతం తెర మీదే కనిపిస్తుంది. కాబట్టి మనసులో లెక్కలు వేసుకోవలసిన పనికూడా లేదు: మామూలు గురి 50 శాతానికి పైన ఉంటే ఆన్, కింద ఉంటే ఆఫ్.

మహేంద్రతనయ
ఆ హద్దు ఆయుధాన్ని బట్టి, స్ట్రెంత్‌ను బట్టి కొంచెం జరుగుతుంది. అడ్వాంటేజ్ ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. మీ ఏసీ 15 ఉదాహరణలోనే రెండు పాచికల్లో పెద్దది తీసుకుంటే మామూలుగా 84 శాతం, సగటు 8.4, ఫీట్ వాడితే దాదాపు 58 శాతం, సగటు 11.5 దాటుతుంది. అందుకే గైడింగ్ బోల్ట్ తగిలిన శత్రువు మీదే ఆ పెద్ద దెబ్బ వేయాలి. ఒకరు తలుపు తీస్తే ఇంకొకరు లోపలికి వెళ్ళాలి. ఇద్దరూ వేరువేరు తలుపులు కొడితే ఎవరూ వెళ్ళలేరు.

రాయగడ_రౌతు
నేను మొదటి పోస్టులో చెప్పిందీ అదే, మీరు అంకెలతో చెప్పారు.

గుణుపురం_గద
ఆ ఫీట్ ఉంటేనే ఈ లెక్క, ఆ ఫీట్ రావాలంటే ఒక క్లాసులో నాలుగో లెవెల్ ఉండాలి. అంటే మళ్ళీ బిల్డ్ దగ్గరికే వచ్చాం. గెలుపు నాదే.

కాశీపూర్_కొత్తవాడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఆ దళంతో అసలు పోరాడలేదు. గిత్‌యాంకీ సహచరి లేజెల్‌ను వెంట తీసుకువెళ్ళి, మాటల్లో పాచికలు కలిసొచ్చి, వాళ్ళను నమ్మించి దాటిపోయాను. ఇది లెక్కలోకి రాదా?

జయపురం_జాణ
ఎందుకు రాదు? చరిష్మా (ఎదుటివారిని ఒప్పించే గుణం) 16 పెట్టుకున్న పాలడిన్, వార్లాక్ కలిసిన మనిషి కత్తి తీయడమే వింత. ఆ చరిష్మాతో కత్తి తిప్పాలన్నా పాక్ట్ ఆఫ్ ది బ్లేడ్ కావాలి, అది వార్లాక్ మూడో లెవెల్‌లో గాని రాదు.

బరంపురం_బార్డు
2025 లో వచ్చిన ప్యాచ్ 8 (ఆట అప్‌డేట్) తరువాత హెక్స్‌బ్లేడ్ అనే వార్లాక్ రకం తీసుకుంటే ఆ సౌకర్యం మొదటి లెవెల్ నుంచే ఉంటుంది. పాచిక గారు ఏ వార్లాక్ తీసుకున్నారో చెప్పలేదు.

పర్లాకిమిడి_పాచిక
ఫీండ్ తీసుకున్నాను. మాటలతో దాటడం నాకు ఇష్టం లేదు, వాళ్ళ కత్తి నాకు కావాలి.

వంశధార_తీరం
కత్తి కావాలంటే చంపనక్కరలేదు. కమాండ్ స్పెల్‌లో డ్రాప్ అన్న ఆజ్ఞ ఉంది. విజ్‌డమ్ పరీక్షలో ఓడిన శత్రువు చేతిలో ఉన్న ఆయుధం కింద పడేస్తాడు, దాన్ని పక్కనే ఉన్న మనవాడు యాక్షన్ ఖర్చు లేకుండా తీసేసుకోవచ్చు. ఆట మొదట్లో నాటిలాయిడ్ ఓడ మీద కమాండర్ జాల్క్ చేతిలోని ఎవర్‌బర్న్ బ్లేడ్‌ను చాలామంది ఇలాగే సంపాదిస్తారు. రెండు చేతుల కత్తి మీదే బతికే గిత్‌యాంకీ యోధుడి దగ్గర ఆ కత్తి లేకపోతే మిగిలేది పిడికిలే. ఒకటో స్థాయి స్లాట్‌తో ఒక శత్రువు బలంలో చాలా భాగం పోతుంది. పాలడిన్‌కూ క్లెరిక్‌కూ ఇద్దరికీ ఇది ఉంది.

సిరోంచ_విలుకాడు
ఇంకొకటి కలుపుతాను. షాడోహార్ట్ క్రియేట్ వాటర్ వేస్తే కింద నిలబడినవాళ్ళందరూ తడుస్తారు. తడిసినవాళ్ళకు మెరుపు, చలి దెబ్బలు రెట్టింపు తగులుతాయి. ఐదో లెవెల్ గేల్‌కు లైట్నింగ్ బోల్ట్ నేర్పవచ్చు, 8డి6, సగటున 28. తడిసినవాడికి అది 56, తప్పించుకున్నా 28. ఒకే వరసలో ఇద్దరు ముగ్గురు దొరికితే పోరాటం అక్కడితో సగం అయిపోయినట్టే. ఒక్క జాగ్రత్త, తడిసినవాళ్ళ మీద నిప్పు సగమే పనిచేస్తుంది. షాడోహార్ట్‌కు మళ్ళీ ఫైర్ బోల్ట్ మీద మనసు పోకుండా చూసుకోండి. మనవాళ్ళు ఆ నీళ్ళలో నిలబడకుండా కూడా చూసుకోండి. నేను మా పార్టీ బార్బేరియన్‌ను అలా తగలబెట్టుకున్న సందర్భం గురించి ఇక్కడ వివరించను.

గుణుపురం_గద
వివరించండి.

సిరోంచ_విలుకాడు
వివరించను.

పర్లాకిమిడి_పాచిక
శిబిరంలో ఉండే విదర్స్‌కు 100 బంగారు నాణేలు ఇచ్చి పాత్రను మార్చుకున్నాను. ఆ నాణేలు ఆస్టారియన్ మళ్ళీ అతని జేబు నుంచే తెచ్చాడు, ఆ విషయం వేరు. మీరు చెప్పినట్టు ఐదు లెవెళ్ళనూ పాలడిన్‌కే ఇచ్చాను, గ్రేట్ వెపన్ మాస్టర్ తీసుకున్నాను. గేల్‌కు డాలు ఇచ్చి ఆస్టారియన్‌తో పాటు వెనక రాళ్ళ మీద ఉంచాను. నేను బ్లెస్, షాడోహార్ట్ నీళ్ళు, గేల్ మెరుపు. దళం పోయింది. షాడోహార్ట్ ఒకసారి పడింది గాని లేచింది.

అయితే గద గారు సంతోషపడనక్కరలేదు. నీళ్ళూ మెరుపూ పనిచేయడానికి నా పాలడిన్ లెవెళ్ళతో సంబంధం లేదు. పాత బిల్డ్‌తోనే ఇదే ఎత్తుగడ వేసినా గెలిచేవాణ్ణని నా నమ్మకం. ఆరో లెవెల్ నుంచి వార్లాక్ వైపే వెళతాను.

గుణుపురం_గద
ఆరో లెవెల్‌లో పాలడిన్‌కు ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ వస్తుంది. దగ్గరలో ఉన్న పార్టీ సభ్యులందరి సేవింగ్ త్రోలకూ మీ చరిష్మా కలుస్తుంది. కాన్సెంట్రేషన్ పరీక్షలకు కూడా. దాన్ని కాదని వెళ్ళేముందు ఒక్క రాత్రి ఆలోచించండి.

బరంపురం_బార్డు
ఇక్కడ ఏ మోడ్‌లో ఆడుతున్నారన్నదే తేలుస్తుంది. మీ 5, 5, 2 బిల్డ్ ఆకర్షణ అంతా పాలడిన్ ఎక్స్‌ట్రా అటాక్, వార్లాక్ పాక్ట్ బ్లేడ్ దెబ్బ ఒకదాని మీద ఒకటి చేరి వంతుకు మూడు దెబ్బలు రావడంలో ఉంది. ట్యాక్టీషియన్‌లో అది చెల్లుతుంది. 2023 నవంబరు చివర్లో ప్యాచ్ 5 తో వచ్చిన హానర్ మోడ్‌లో ఆ రెండూ కలవవు. హేస్ట్ స్పెల్ ఇచ్చే అదనపు యాక్షన్‌తో కూడా అక్కడ ఒక్క దెబ్బే. అందుకని హానర్‌లో ఆడేవాళ్ళు పాలడిన్ ఆరు దాకా వెళ్ళడమే మంచిది. మీరు ట్యాక్టీషియన్‌లోనే ఉంటానంటే మీ దారి మీది. ఒకే క్లాసులో పన్నెండు దాకా వెళ్ళినదానికంటే ఒక ఫీట్ తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

పర్లాకిమిడి_పాచిక
హానర్ మోడ్ మా ఊళ్ళో కుదరదు. ఒకే ఒక్క సేవ్ ఉన్న ఆటను వేసవి సాయంత్రం ఇన్వర్టర్ లేని ఇంట్లో ఆడేంత ధైర్యం నాకు లేదు.

జయపురం_జాణ
కరెంటు పోవడాన్ని కూడా లెజెండరీ యాక్షన్‌గా (బాస్‌ల ప్రత్యేక ఎత్తుగడగా) లెక్కవేయాలి. ఏ బాస్‌కూ అంత సరైన సమయం చూసుకుని కొట్టడం రాదు.

కాశీపూర్_కొత్తవాడు
హేస్ట్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. గేల్ చేత నా ఫైటర్ మీద హేస్ట్ వేయిస్తున్నాను. ప్రతిసారీ మధ్యలో నా ఫైటర్ ఒక వంతు పూర్తిగా నిలిచిపోతున్నాడు. ఇది బగ్ అనుకోవచ్చా?

మహేంద్రతనయ
బగ్ కాదు. హేస్ట్ ముగిసినప్పుడు దాన్ని పొందినవాడికి ఒక వంతు లెతార్జిక్ స్థితి వస్తుంది, కదలలేడు, ఏమీ చేయలేడు. గేల్‌కు దెబ్బ తగిలి కాన్సెంట్రేషన్ తెగితే హేస్ట్ అప్పుడే ముగిసినట్టు. అంటే శత్రువు గేల్‌ను కొట్టి ఫైటర్‌ను ఆపుతున్నాడు. గేల్‌ను కనిపించని చోట ఉంచండి, లేకపోతే హేస్ట్‌ను పోరాటం ముగుస్తుందనుకున్న రౌండులోనే వాడండి.

పర్లాకిమిడి_పాచిక
చివరిగా ఒక ప్రశ్న. ఇప్పుడు గ్రిమ్‌ఫోర్జ్‌లో ఆడమంటైన్ కొలిమి దగ్గరికి వచ్చాను. గ్రిమ్ అనే ఆ లోహపు గోలెమ్ మీద మెరుపు వేశాను, కత్తితో కొట్టాను, ఏదీ పనిచేయలేదు. తడి ఎత్తుగడ కూడా పారలేదు.

రాయగడ_రౌతు
అక్కడ తడి కాదు, లావా కావాలి. చక్రం తిప్పి కొలిమిలోకి లావా వదిలితే గ్రిమ్ ఎర్రగా కాగుతుంది, కాగినంతసేపే దెబ్బలు పనిచేస్తాయి. కాగినప్పుడు కత్తి కంటే గద, సుత్తి లాంటి మొద్దు ఆయుధాల దెబ్బ రెట్టింపు. అసలైన సుత్తి మాత్రం పైన వేలాడుతున్న కొలిమి సమ్మెటే. గ్రిమ్ చివరగా తనకు దెబ్బ తగిలించినవాడి వెంట పడుతుంది. ఆ గుణాన్ని వాడుకోండి: ఆస్టారియన్‌ను సమ్మెటకు అవతల దూరంగా నిలబెట్టి బాణం వేయించండి, అది అతని వైపు నడుస్తూ సమ్మెట కిందికి వచ్చినప్పుడు లీవర్ దగ్గర ఉన్నవారి చేత లీవర్ లాగించండి. ఆ రౌండులో మిగతావాళ్ళు దాన్ని ముట్టకూడదు, ముట్టితే అది దారి మార్చుకుంటుంది.

గుణుపురం_గద
గద గురించి ఎవరో ఒకరు చివరికి మంచి మాట అన్నారు. లీవర్ దగ్గర షాడోహార్ట్‌ను నిలబెట్టండి. అక్కడ పాచిక వేయవలసిన పని లేదు కాబట్టి గురి తప్పదు.